అన్నయ్యగారి బస్సు, చెల్లెమ్మ పంటు

రేవు గట్టు మీద గది నుంచి

అన్నయ్యగారికి నమస్కారం.

మీరూ వదినగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మన పిల్లలిద్దరూ కిందటి వారం వచ్చి వెళ్ళారు. మీ అమ్మాయి నా వంటింట్లో డబ్బాలన్నీ కడిగి, ఏది ఎక్కడుందో నాకే తెలియనంత అందంగా సర్ది పోయింది. ఇవాళ్టికీ ఉప్పు కోసం వెతుక్కుంటున్నాను. కోడలు మంచిదైతే అత్తగారికి వచ్చే కష్టాలు ఇలాగే ఉంటాయి కాబోలు.

మీకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. వదినగారు ఎత్తి "డ్యూటీలో ఉన్నారండీ" అంటున్నారు. అందుకే రాస్తున్నాను. పైగా ఇది ఫోన్లో తేలే సంగతి కాదు.

పెళ్ళికి వచ్చినప్పుడు మీ చుట్టాలందరితో, వ్యానుతో సహా నది దాటారే, ఆ పంటు గుర్తుందా? మీ బావగారు పోయాక దానికి వచ్చిన కొత్త సరంగు మొన్న పని మానేసి పోయాడు. నడిపేవాడు లేకపోతే పంటు అమ్మేస్తానంటున్నాడు ఓనరు. పంటు పోతే నా టికెట్ల పని పోతుంది, పంటు మనిషినని ఇచ్చిన ఈ గదీ పోతుంది. ఆ మాట వినగానే నా నోట్లోంచి "నేను నడుపుతాను" అని వచ్చేసింది. ఓనరు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

కింద ఇంజన్ చూసుకునే తాతకి సరంగు సర్టిఫికెట్ ఉంది కానీ మోకాళ్ళ వల్ల కేబిన్ మెట్లెక్కలేడు. ఆయన కింద ఉంటే నేను పైన నేర్చుకోవచ్చని పర్మిషన్ వచ్చింది. ఆయనకి చెవులు కూడా సరిగ్గా వినబడవు. గంట తాడు లాగితే ఎలాగో తెలుసుకుంటాడు. వానలు తగ్గాక ఇన్‌స్పెక్టరు వచ్చి నాకు టెస్టు పెడతాడట.

అన్నయ్యగారూ, ఇరవై ఏళ్ళు మీ బావగారు పంటు నడుపుతుంటే పక్కనే నిలబడి టికెట్లు చింపాను. నది నాకు తెలుసు. ఎక్కడ లోతో, ఎక్కడ ఇసుకో, ఏ గాలికి నీళ్ళు ఎటు తోస్తాయో కళ్ళు మూసుకుని చెప్తాను. చక్రం ఒక్కటే తెలియదు. ఆయన ఎప్పుడూ ఇవ్వలేదు, నేనెప్పుడూ అడగలేదు. మీరు జీవితమంతా బస్సు నడిపిన మనిషి. స్టీరింగ్ ఎలా పట్టుకోవాలి? ఎప్పుడు తిప్పాలి? నవ్వకుండా చెప్పండి.

మీ చెల్లెలు


డిపో వెనక క్వార్టర్స్ నుంచి

చెల్లెమ్మకు ఆశీస్సులు.

నేను నవ్వలేదు. మా ఆవిడ నవ్వింది. "మీ బస్సు పిచ్చి వియ్యాలవారికి కూడా అంటుకుంది" అంది.

ఫోన్ సంగతి ఏమిటంటే, అది పాడైంది. రాయడమే నయం.

స్టీరింగ్ గురించి అడగాల్సిన మనిషినే అడిగారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేను చెప్పే పాఠమే మీకూ చెబుతాను. చక్రాన్ని బిగించి పట్టుకోకండి. కొత్త డ్రైవర్లందరూ దాన్ని పట్టుకుని వేలాడతారు, అది లేకపోతే కింద పడిపోతామన్నట్టు. సాయంత్రానికి భుజాలు పట్టేసి మూలుగుతారు. వేళ్ళు చుట్టూ ఉండాలి, అరచేయి తేలిగ్గా ఆనాలి. బండి చెప్పే కబురంతా అరచేతికే వస్తుంది. టైరులో గాలి తగ్గినా, రోడ్డు తడిగా ఉన్నా ముందు చేతికి తెలుస్తుంది, తర్వాతే కంటికి.

చక్రం వైపు చూడకండి. ఎటు పోవాలో అటు చూడండి. కళ్ళు పోయిన వైపే చేతులు పోతాయి, చేతులు పోయిన వైపే బండి.

ఇక మలుపు. అక్కడ తొందరపడకూడదు. మీ భుజం మలుపు అంచు దాటేదాకా ఓపిక పట్టి అప్పుడు తిప్పాలి. ముందే తిప్పితే వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కి, పళ్ళ బండినో పూల కుండీనో తొక్కేస్తుంది. మొన్న కూడా మార్కెట్ మలుపులో రెండు ఆటోల మధ్యనుంచి జానెడు సందులో బస్సు తీశాను. కండక్టరు కళ్ళు మూసుకున్నాడు.

ధైర్యంగా ఉండండి. చక్రం గుండ్రంగా ఉండే వస్తువు, దానికి మగా ఆడా తెలియదు.

మీ అన్నయ్య


రేవు గట్టు మీద గది నుంచి

అన్నయ్యగారికి నమస్కారం.

మీ సలహా పాటించాను. జెట్టీని గుద్దేశాను.

కంగారు పడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. జెట్టీకి పాత టైర్లు కట్టి ఉంటాయి, వాటికి తగిలి ఆగింది. ఒకాయన కోడిగుడ్ల ట్రే మాత్రం పోయింది. ఆయన పగిలిన గుడ్లను, నన్ను మార్చి మార్చి చూసి, "ఆయన ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

జరిగింది ఇది. మీరు చెప్పినట్టే మలుపు దగ్గర ఓపిక పట్టాను. నా భుజం జెట్టీ అంచుకి వచ్చేదాకా ఆగాను. అప్పుడు చక్రం తిప్పాను. పంటు వినిపించుకోలేదు. ఇంకాస్త తిప్పాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. గట్టిగా తిప్పేశాను. అప్పుడు తీరిగ్గా నిద్ర లేచినట్టు తిరగడం మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆపుదామంటే ఆగదు! ముక్కు సరిగ్గానే వచ్చింది కానీ తోక ఊగుతూ వచ్చి జెట్టీకి కొట్టుకుంది.

ఇంకోటి. భయపడి ఇంజన్ ఆపించాను. అలా చేస్తే చక్రం ఎంత తిప్పినా ఏమీ జరగదట. చుక్కాని పక్కనుంచి నీళ్ళు తోసుకుని పోతుంటేనే దానికి బలం. కదలని పంటుని తిప్పలేం. ఇది ఇంజన్ తాత చెప్పాడు. నేను అడగలేదు, ఆయనే తలపట్టుకుని చెప్పాడు.

మీ మీద కోపం లేదు. మీరు చెప్పినవాటిలో చూపు సంగతి మటుకు నిజం. అవతలి ఒడ్డు చింతచెట్టు వైపు చూస్తూ పోతే చేతులు వాటంతటవే సర్దుకుంటున్నాయి. మలుపు సంగతే తేలలేదు. టెస్టులో ఒడ్డుకి చేర్చడమే ముఖ్యమట. ఏం చేయమంటారు?

మీ చెల్లెలు

తా.క. ఉప్పు దొరికింది. పంచదార డబ్బాలో ఉంది. ఎలా దొరికిందో అడగకండి.


డిపో వెనక క్వార్టర్స్ నుంచి

చెల్లెమ్మకు,

మీ ఉత్తరం చదివి తల కొట్టేసినట్టయింది. నీటి మీద నడిచేదానికి రోడ్డు పాఠం చెప్పాను. ఆ కోడిగుడ్లాయనకి నా తరపున క్షమించమని చెప్పండి.

రెండు రోజులు ఆలోచించాను. మా బస్సుకి ముందు చక్రాలు తిరుగుతాయి, వెనక భాగం బుద్ధిగా వెంట వస్తుంది. మీ పంటుకి చుక్కాని వెనక ఉంది. అంటే తోక తిరిగితే ముక్కు దాని వెంట సర్దుకుంటోంది. ఇలాంటిది నేనెప్పుడు చూశానా అని ఆలోచిస్తే తట్టింది. రివర్స్! బస్సుని వెనక్కి నడిపేటప్పుడు అచ్చం ఇదే అవస్థ. చక్రం ఇటు తిప్పితే, మనం చూడని ఆ చివర అటు ఊగుతుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా గోడలు గుద్దేది అప్పుడే.

రివర్స్‌లో నేనేం చేస్తానో చెబుతాను. చాలా ముందే కొంచెం తిప్పుతాను. బండి తిరగడం మొదలవుతుండగానే, పూర్తిగా తిరగక ముందే, చక్రం వెనక్కి విప్పడం మొదలుపెడతాను. ఎక్కువ తిప్పితే దాన్ని సరిదిద్దడానికే సగం దూరం పోతుంది. మీరు జెట్టీకి చేరేటప్పుడు పంటుని ముందుకి నడుపుతున్నాననుకోకండి. వెనక్కి నడుపుతున్నాననుకోండి. ముక్కుని మరిచిపోయి, తోక ఎక్కడుందో చూసుకోండి.

తప్పయితే మళ్ళీ రాయండి. ఈసారి గుడ్ల ట్రేలు లేనప్పుడు చేసి చూడండి.

మీ అన్నయ్య

వదినగారూ, ఈ కింద ఉన్నది నా రాత. ఉత్తరం మడిచి కవరు అంటించమని నాకిచ్చారు, ఆయనకి తెలియకుండా రాస్తున్నాను. మీ అన్నయ్యగారు బస్సు ఎక్కి చాలా నెలలైంది. పక్షవాతం వచ్చింది. ప్రాణానికి భయం లేదు, నడుస్తున్నారు. ఎడమ చేతికి పట్టు లేదు. మాట ముద్దగా వస్తుంది, అందుకే ఫోన్ ఎత్తరు. పిల్లలకి తెలుసు. మీకు చెప్పొద్దని వాళ్ళ చేత ఒట్టు వేయించుకున్నారు, వియ్యాలవారి ముందు చులకనవుతానని. కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పే పని ఇస్తామని డిపోవాళ్ళు కబురు పెట్టినా, "ఈ గొంతుతోనా" అని వెళ్ళలేదు. మీ ఉత్తరం వచ్చాక అన్నం కంచం చేత్తో పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూస్తూ కూర్చున్నారు. ఆ ముఖం అలా చూసి ఎన్నాళ్ళయిందో. దయచేసి ఏదో ఒకటి అడుగుతూ ఉండండి. నేను చెప్పినట్టు మాత్రం తెలియనివ్వకండి.


రేవు గట్టు మీద గది నుంచి

అన్నయ్యగారికి వేల నమస్కారాలు.

కుదిరింది! ఇవాళ పొద్దున్న మొదటి ట్రిప్పులో పంటు జెట్టీకి ఎలా ఆనిందంటే, ఇంజన్ తాత ఒడ్డుకి చేరామని తెలియక ఇంకా ఇంజన్ దగ్గరే కూర్చున్నాడు. కుదుపు తగిలితేనే ఒడ్డొచ్చిందనుకోవడం ఆయనకి అలవాటైపోయింది పాపం.

వెనక్కి నడుపుతున్నాననుకోండి అన్న ఒక్క మాటతో చిక్కు విడిపోయింది. ముందే కాస్త తిప్పడం, ముందే విప్పడం. తోక దానంతటదే వచ్చి టైర్ల పక్కన ఒదిగింది. నేను కేబిన్లో ఒక్కదాన్నే ఉండి పైకే నవ్వాను. మీరు ఎదురుగా ఉంటే కాళ్ళకి దండం పెట్టేదాన్ని.

ఇన్ని ప్రశ్నలు వేస్తున్నానని విసుక్కోకండి. గాలి పక్కనుంచి కొట్టినప్పుడు బస్సులో ఏం చేస్తారు? బరువంతా ఒకవైపే ఉంటే చక్రం చేతిని లాగుతుందా? రాసిపెట్టుకున్నవి ఇంకా ఉన్నాయి. ఇవన్నీ ఉత్తరాల్లో అయ్యేవి కావు. టెస్టు దగ్గర పడుతోంది. వదినగారిని తీసుకుని ఒక నాలుగు రోజులు రండి. కేబిన్లో నా పక్కన ఒక స్టూలు వేస్తాను. మీరు చూస్తూ ఉంటే నాకు కొండంత ధైర్యం.

మీ చెల్లెలు


డిపో వెనక క్వార్టర్స్ నుంచి

చెల్లెమ్మకు,

కుదిరినందుకు చాలా సంతోషం. రావడానికి వీలు కాదు. ఈ నెల డ్యూటీలు ఎక్కువగా ఉన్నాయి. సెలవు దొరకదు. గాలి పక్కనుంచి కొడితే గాలి వచ్చే వైపుకి కొంచెం పట్టి ఉంచాలి. వివరంగా తర్వాత రాస్తాను.

అన్నయ్య


రేవు గట్టు మీద గది నుంచి

అన్నయ్యగారూ,

సెలవు దొరకదని రాశారు. సెలవులో ఉన్నవాళ్ళకి మళ్ళీ సెలవు ఎవరిస్తారు లెండి.

నాకు తెలుసు. ఎవరు చెప్పారని అడగకండి. అడిగితే ఇంజన్ తాత చెప్పాడంటాను.

మీకు చేయి బాగాలేదని తెలిసి మీరు నా కంట్లో చులకన కాలేదు. కోపం వచ్చింది, అంతే. చాలా వచ్చింది. ఆయన పోయినప్పుడు ఆ వారమంతా మా ఇంట్లో ఉండి, నేను మంచం దిగకపోతే బిందెలతో నీళ్ళు మోసింది ఎవరు? నాకు చెప్పకుండా ఓనరు దగ్గరికి వెళ్ళి కూర్చుని, ఈ గది నాకే ఉండేలా మాట్లాడి వచ్చింది ఎవరు? అదంతా ఒక్క మాట అనకుండా పుచ్చుకున్నాను. మా వాళ్ళే కదా అనుకున్నాను. ఇప్పుడు మీ వంతు వచ్చేసరికి మీరు తలుపు గడియ పెట్టుకుంటే మరి నేనెవరిని?

మిమ్మల్ని చూడడానికి నేను రావచ్చు. కానీ రాను. పరామర్శకి వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి, ముఖం పక్కకి తిప్పుకుని కూర్చుంటారు మీరు. మీరే రండి. నాకు నిజంగానే మీతో పని ఉంది. ఇప్పటిదాకా నేను గుద్దకుండా ఒడ్డు చేరుతున్నది మీ మాట పట్టుకునే. ఆ మాట ముద్దగా ఉంటే నాకేం, వంకరగా ఉంటే నాకేం? అర్థమైతే చాలదా?

చెల్లెలు


డిపో వెనక క్వార్టర్స్ నుంచి

చెల్లెమ్మకు,

ఎవరు చెప్పారో నాకు తెలుసు. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆవిడే బట్టలు సర్దేసింది.

గురువారం వస్తున్నాం. నేను ప్రయాణికుడిగా వస్తున్నాను. స్టూలు మీద కూర్చుంటాను. చక్రం ముట్టుకోమంటే మాత్రం అదే పంటు మీద వెనక్కి వెళ్ళిపోతాను.

అన్నయ్య


డిపో వెనక క్వార్టర్స్ నుంచి

చెల్లెమ్మకు,

క్షేమంగా ఇల్లు చేరాం. దారంతా మా ఆవిడ మీ పంటు కథ పక్క సీట్లవాళ్ళందరికీ చెబుతూ వచ్చింది. ఒక్కొక్కసారి చెప్పేకొద్దీ నది వెడల్పు పెరుగుతూ పోయింది.

ఎదురుగా ఉన్నన్నాళ్ళూ చెప్పలేకపోయినవి కొన్ని ఉన్నాయి. రాస్తే నాలుక తడబడదు కదా, రాస్తున్నాను.

మొదటి రోజు నది మధ్యలో మీరు "టికెట్ల సంచీ కింద మరిచిపోయాను, ఒక్క క్షణం పట్టుకోండి" అని చక్రం వదిలేసి మెట్లు దిగిపోయారు. సంచీ మీ భుజానికే వేలాడుతోంది. నేను చూశాను. ఏం చేయను, ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా. కుడి చేత్తో పట్టుకున్నాను. బస్సు చక్రం ఒంటిచేత్తో నాకు సాధ్యం కాదని నెలల తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. మీ చక్రం పెద్దది, నెమ్మదైనది, చువ్వలు పట్టుకుని తోస్తే తిరుగుతుంది, తొందరపెట్టదు. కొంచెం తోసి, అది విని జవాబిచ్చేదాకా ఆగడం. నా ఒంటికి ఇప్పుడు సరిపోయిన పద్ధతి అదే. నేను చెప్పినదానికి నా చేయి కూడా ఆలస్యంగానే జవాబిస్తోంది మరి. మీరు తిరిగి వచ్చేసరికి నా కళ్ళు తడిగా ఉన్నాయి. గాలి అన్నాను. మీరు అవునన్నారు. అందుకు కూడా నా కృతజ్ఞతలు.

ఇక శనివారం సంగతి. మీరు వెనక ఉన్నారు కాబట్టి ముందు ఏం జరిగిందో మీకు తెలియదు. చక్రం నుంచి చుక్కానికి పోయే గొలుసు తెగి, చక్రం చేతిలో ఊరికే గిర్రున తిరగ్గానే మీ ముఖం తెల్లబోయింది. అయినా మీరు అరవలేదు. గంట కొట్టి ఇంజన్ నెమ్మది చేయించి, "వెనక ఇనప కడ్డీ ఉంది, చుక్కానికి గుచ్చి చేత్తో తిప్పుతాను. కానీ ఆ పరుపుల వ్యాను అడ్డం, ముందు ఏమీ కనబడదు. అన్నయ్యగారూ, మీరు ముందుకెళ్ళి ఎటో చెప్పండి" అని పరుగెత్తారు. నన్ను అడగలేదు, చెప్పారు. ఆలోచించుకునే వ్యవధి ఇచ్చి ఉంటే నేను వద్దనేవాణ్ణి.

ముందుకొచ్చి చూశాను. సగం కట్టి వదిలేసిన వంతెన స్తంభాలు లేవూ, ప్రవాహం మనల్ని నేరుగా వాటిమీదికే తోస్తోంది. పంటు నిండా జనం. ఒకావిడ పిల్లాణ్ణి చంకనెత్తుకుని రెయిలింగు పట్టుకుని ఉంది. నోరు తెరిచాను. "ఎడమ" అందామనుకుంటే "ఎలమ" అని వచ్చింది. ఇంత చిన్నగా. ఇంజన్ మోతలో నాకే వినబడలేదు. అప్పుడింక సిగ్గు ఎక్కడికి పోయిందో తెలియదు. కడుపులోంచి అరిచాను. "ఎలమా! ఎలమా!" వ్యాను పక్కనున్న పరుపులాయన నన్నొకసారి చూసి, వెనక్కి తిరిగి నా మాటనే అందుకున్నాడు. "ఎలమా!" ఆయన వెనకవాళ్ళు, వాళ్ళ వెనకవాళ్ళు. ఎవ్వరూ దాన్ని సరిదిద్దలేదు చెల్లెమ్మా. నేను ఎలా అంటే అలాగే మీదాకా మోసుకొచ్చారు. "కులి" అంటే "కులి" అన్నారు. మొదటి స్తంభం మనిషి చేతికందేంత దగ్గరగా పక్కనుంచి పోయింది. దాని మీద పాకుడు కూడా కనబడింది నాకు.

ఒడ్డు చేరాక పరుపులాయన నా దగ్గరికి వచ్చి, చేయి పట్టుకుని, "ఎక్కడ నేర్చుకున్నారండీ ఇంత గొంతు?" అన్నాడు. నవ్వులాటకి అనలేదు. నా గొంతు మంచిదనే అన్నాడు.

ఇవాళ పొద్దున మీ కోడలికి ఫోన్ చేశాను. నేనే. "నాన్నా" అంది. ఆ తర్వాతంతా నేనే మాట్లాడాను.

మీ అన్నయ్య


రేవు గట్టు మీద గది నుంచి

అన్నయ్యగారికి నమస్కారం.

మీ ఉత్తరం ఇంజన్ తాతకి గట్టిగా చదివి వినిపించాను. రెయిలింగు దగ్గర చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా విన్నారు. క్షమించండి, ఆయనకి వినబడాలంటే రేవంతటికీ వినబడక తప్పదు.

వెనక ఏం జరిగిందో మీకు తెలియదు కదా, నేను చెబుతాను. కడ్డీ ఎడమకి తోస్తే పంటు కుడికి పోతుంది, కుడికి తోస్తే ఎడమకి. చక్రంతో అలా ఉండదు. ఆ కంగారులో అది తలకిందులు చేసుకుని తోయాలి. మొదటి కేక నాకు అందేలోపు నేను తప్పు వైపుకి తోస్తున్నాను. నిజం. స్తంభం కనబడక, నాకు తోచిన వైపు పంటుని నడిపించేస్తున్నాను. "ఎలమా" అని వినబడగానే, అది మీ మాటే, ఇంకెవరిదీ కాదు అని తెలిసి ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. అందరూ "ఎడమ" అని అరిచి ఉంటే ఎవరో గాభరాపడి అరుస్తున్నారనుకునేదాన్నేమో. కడ్డీ నా ఒక్కదాని బలానికి లొంగలేదు. పక్కన వదినగారు వచ్చి పట్టుకున్నారు. మీ ఆవిడ బలం సంగతి మీకు తెలుసో తెలియదో గానీ, నాకిప్పుడు బాగా తెలుసు.

టెస్టు నిన్న అయింది. గొలుసు మొత్తం కొత్తది వేయించాడు ఓనరు. ఇన్‌స్పెక్టరు తక్కువ మాటల మనిషి. నది మధ్యలో చుట్టూ తిప్పమన్నాడు, తిప్పాను. పక్కగాలిలో ఒడ్డుకి చేర్చమన్నాడు. పెద్ద గాలి. గాలి వైపుకి కొంచెం పట్టి ఉంచి, ముక్కుని మరిచిపోయి, తోకని చూసుకున్నాను. టైర్లకి ఆనింది. ఆయన టీ గ్లాసు చేతిలోనే ఉంది, ఒలకలేదు. "ఎవరు నేర్పారు?" అని అడిగాడు. "మా వియ్యంకుడు, బస్సు డ్రైవరండీ" అన్నాను. రాసుకోబోయి ఆగి, నా ముఖంలోకి చూసి, అది మాత్రం రాసుకోలేదు.

పాసయ్యాను అన్నయ్యగారూ. పంటు నిలబడింది, గది నిలబడింది. ఇప్పుడు రేవులో అందరూ నన్ను సరంగమ్మ అంటున్నారు. మొదట్లో వెక్కిరింతగా అన్నవాళ్ళు కూడా ఇప్పుడు నిజంగానే అంటున్నారు. కోడిగుడ్లాయన ఇవాళ ఒక ట్రే తెచ్చి కేబిన్లో పెట్టి పోయాడు. నేను ఆయనకి ఇవ్వాల్సింది పోయి ఆయన నాకిచ్చాడు.

మన వరసలో థాంక్స్ చెప్పుకుంటే బాగుండదంటారు. బాగుండకపోయినా చెబుతున్నాను. ఆయన పోయాక నాకు చేతకానిదాన్నన్న బెంగ ఒకటి లోపల కూర్చుండిపోయింది. దాన్ని మీరు లేపి పంపించేశారు.

మీ చెల్లెలు, సరంగమ్మ


డిపో, ట్రైనింగు గది నుంచి

సరంగమ్మకు ఆశీస్సులు.

పైన ఎక్కడినుంచి రాస్తున్నానో చూశారా? సోమవారం నుంచి ఇక్కడే. కొత్త డ్రైవర్లు పన్నెండు మంది. మొదటి రోజు ముందే చెప్పేశాను, "నా మాట కాస్త ముద్దగా ఉంటుంది, అర్థం కాకపోతే మళ్ళీ అడగండి" అని. ఒకడు చేయెత్తి, "మీ మాట బాగానే ఉంది సార్, పాఠమే అర్థం కాలేదు" అన్నాడు. ఎంత హాయిగా నవ్వుకున్నానో. వాళ్ళకి రివర్స్ నేర్పడానికి మీ పంటు బొమ్మ బోర్డు మీద గీస్తున్నాను. ఈ డిపో చరిత్రలో బస్సు డ్రైవర్లకి పడవ బొమ్మతో పాఠం చెప్పింది నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇంకో మాట. మా అల్లుడు, అంటే మీ అబ్బాయి, తన పాత కారు తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. గేర్లు మార్చే పని లేని కారు. డిపో మెకానిక్ దాని స్టీరింగ్ మీద పిడికిట్లో పట్టేంత గుండ్రటి పిడి ఒకటి బిగించాడు. దాన్ని పట్టుకుంటే ఒక్క చేత్తో చక్రం చివరిదాకా తిప్పొచ్చు. డాక్టరు చూసి సరేనన్నాడు. నాకు కూడా మళ్ళీ టెస్టు పెట్టారు. ఈ వయసులో, ఇన్నేళ్ళు బస్సు నడిపాక, అరటిపండు రంగు చొక్కా వేసుకున్న ఒక కుర్రాడి పక్కన కూర్చుని ఎడమకి సిగ్నల్ ఇవ్వాలా కుడికి ఇవ్వాలా అని చెమటలు కక్కాను. పాసయ్యాను.

అలవాటైన చేతి నుంచి చక్రం పోతే ఎలా ఉంటుందో నాకు తెలిసింది. అది తిరిగి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా తెలుసు. ఈ ఆదివారం మీ ఊరు వస్తున్నాం, కారులో. నేనే నడుపుతున్నాను. టికెట్ తీసుకునే ఎక్కుతాం.

మీ అన్నయ్య


డిపో వెనక క్వార్టర్స్ నుంచి

వదినగారికి,

ఈసారి ఆయనకి చెప్పే రాస్తున్నాను. ఏం రాస్తున్నానో మాత్రం చెప్పలేదు.

ఆదివారం మీ దగ్గర ఉన్న సంతోషం ఇంకా తగ్గలేదు. మీరు పై కేబిన్లో ఉన్నారు, పంటు వదలక మునుపు ఒకసారి చేయి ఊపి తర్వాత మావైపు చూడలేదు. చూడకూడదు కూడా. అందుకని, కింద కారులో ఏం జరిగిందో మీకు చెప్పాలనిపించింది.

కారు పంటు మీద నిలబెట్టారు. మీ మనిషి వచ్చి చక్రాల కింద చెక్కలు పెట్టాడు. ఇంజన్ ఆపేశారు. నేను దిగి గాలికి నిలబడదామంటే "కూర్చో, చెల్లెమ్మ నడుపుతోంది, చూద్దాం" అన్నారు. అద్దంలోంచి నది, ఆ స్తంభాలు, అవతలి ఒడ్డు చూస్తూ కూర్చున్నాం. నది మధ్యలోకి రాగానే మీరు మలుపు తీసుకోవడం మొదలుపెట్టారు. ముక్కు నెమ్మదిగా పక్కకి జరుగుతోంది. పక్కకి చూద్దును కదా, ఈయన ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పుతున్నారు. కొంచెం. మీరు తిప్పేంతే. మీరు సరిచేస్తుంటే ఈయనా సరిచేస్తున్నారు.

"ఏమిటండీ ఇది? బండి కట్టేసి ఉంది కదా" అన్నాను.

"ఆవిడ ఒక్కతే తిప్పుతోంది. పక్కన కూర్చుని ఊరికే చూస్తే ఏం మర్యాద?" అన్నారు.

నవ్వొచ్చి ముఖం తిప్పుకోబోయాను. అప్పుడు కనబడింది వదినగారూ. ఆయన కుడి చేయి పిడి మీద ఉంది. ఎడమ చేయి, ఇన్నాళ్ళూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఆ చేయి, దానంతటది లేచి చక్రం అంచుని పట్టుకుని ఉంది. వేళ్ళు చుట్టూ ముడుచుకున్నాయి. గట్టిగా కాదు, తేలిగ్గా. ఆయన చూపు ఒడ్డు మీదే ఉంది. చేతి సంగతి ఆయనకి తెలియదు.

చెబితే దింపేస్తారేమో అని నోరు మూసుకున్నాను. పంటు ఒడ్డుకి ఆనేదాకా అలాగే ఉంచారు.

మీ వదిన